పిట్టల సిస్టరు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఒక పేరు చదివి, ఈ సహోదరి చీరాలలో ప్రభువునందు నిద్రించారు, కుటుంబం కోసం ప్రార్థన చేద్దాం అన్నారు. ఎవరికీ ఆ పేరు తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలోంచి ఎవరో "పిట్టల సిస్టరు కదూ?" అన్నారు. అప్పుడు అందరికీ తెలిసింది. అయ్యో అన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను గానీ ప్రార్థనలో ఏం చెప్పారో వినలేదు. ఆమె పేరు అదని నాకూ అప్పుడే తెలిసింది. అన్ని పొద్దుటిపూటలు పక్కన కూర్చున్నా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. ఆ పేరుగల మనిషి నాకు తెలియదు.

మా అమ్మాయి ఢిల్లీలో నర్సు. దాని పిల్లల్ని చూసుకోడానికి నేను బాపట్ల నుంచి ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం వచ్చాను. పొద్దున్నే మనవరాలిని స్కూలు బస్సెక్కించి, మా అపార్టుమెంట్ల సొసైటీ వెనకున్న పార్కులో ఒక చుట్టు తిరిగి ఇంటికెళ్ళడం అలవాటు. ఒక చలికాలం పొద్దున ఎర్ర శాలువా కప్పుకుని, ఫోన్లో మా చెల్లెలితో గట్టిగా మాట్లాడుతూ నడుస్తున్నాను. కంచె మొక్కల పక్కన పొట్టి ప్లాస్టిక్ స్టూలు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్ల కాన్వాసు బూట్లు, నూలు చీర, చీర మీద మగవాళ్ళ స్వెట్టరు. చేతిలో కెమెరా. నేను దగ్గరికి రాగానే తల తిప్పకుండా తెలుగులో అంది.

"ఏమ్మా, చూడ్డానికొచ్చావా, కనబడ్డానికొచ్చావా?"

నాకు అర్థం కాలేదు.

"ఆ ఎర్ర శాలువా తీసి మడిచి చంకలో పెట్టుకో. ఫోను తర్వాత. ఇటొచ్చి కూర్చో."

చలికి వణుకుతూ గడ్డిలో కూర్చున్నాను. నర్సు చెయ్యి చాపమంటే మారుమాట లేకుండా చాపుతాం కదా, అలాంటి గొంతు అది. కాసేపటికి కంచెలోంచి ఒక చిన్న పిట్ట బయటికొచ్చింది. ఒళ్ళంతా మట్టిరంగు, గొంతు కింద మాత్రం నారింజ రంగు. తోక ఎత్తి దించింది. ఆమె కెమెరా ఒక్కసారి టిక్కుమంది. పిట్ట మళ్ళీ కంచెలోకి పోయింది.

"ఏం పిట్టండీ అది?" అన్నాను.

"నాకేం తెలుసు? చలికాలం ఇక్కడ అడ్మిట్ అవుద్ది. ఎండలు ముదిరితే డిశ్చార్జ్ అయి పోద్ది."

నిజంగానే ఆమెకు పిట్టల పేర్లు పెద్దగా తెలియవు. గోరింక, పికిలి, తేనెపిట్ట, వడ్రంగిపిట్ట, ఇలా చిన్నప్పుడు విన్నవి నాలుగైదు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మేనకోడలు ఇంగ్లీషులో లావుపాటి పిట్టల పుస్తకం కొనిచ్చింది. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఆ పుస్తకాన్ని స్టూలు కాలి కింద పెట్టుకునేది. ఒకసారి నేను "అందులో పేర్లుంటాయి కదక్కా" అన్నాను. అప్పుడే మా సంఘంలో ఆడవాళ్ళ బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంటున్నాను. యాభై దాటాక వచ్చిన చదువు, ఎక్కడ ఏ బోర్డు కనబడినా తెలుగుదేమోనని చూసే రోజులవి.

"కేసు షీటు మీద పేరుంటే రోగి తెలిసినట్టా?" అంది. "పేరు నువ్వు చదువుకో, తప్పులేదు. ముందు అది ఎలా తింటందో చూడు."

ఉద్యోగమంతా ప్రసూతి వార్డులో నర్సుగా చేసిందట. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు. మా అమ్మాయి అడగమంది, అయినా అడగలేదు. రిటైరయ్యాక కూడా వార్డు ఆమెను వదల్లేదు. పార్కులో గొడవపడే బూడిదరంగు పిట్టలు గుంపుగా తిరిగే కంచె జనరల్ వార్డు. చెరువులాంటి నీళ్ళగుంట పక్క పురుషుల వార్డు, ఎందుకంటే అక్కడి కొంగలు ఏ పనీ చెయ్యకుండా నిలబడతాయి. వడ్రంగిపిట్ట ఎముకల డాక్టరు. కెమెరాను ఆపరేషన్ థియేటరు ఆకుపచ్చ గుడ్డతో కుట్టిన సంచిలో పెట్టేది. దాన్ని బయటికి తీసేముందు చేతులు రెండూ చీర కొంగుకు తుడుచుకునేది, ప్రతిసారీ.

ఆమె తీసిన ఫోటోలు చూసి మా అమ్మాయి నవ్వింది. ఫోటో నిండా ఆకులే, పిట్ట ఎక్కడో మూల వేలిగోరంత. "ఆంటీ, ఇంకాస్త దగ్గరికెళ్ళి తియ్యొచ్చుగా?" అంది.

"నేనెంత దూరంలో నిలబడ్డానో అది కూడా ఫోటోలో పడాలమ్మా."

"మరి పిట్ట కనబడొద్దా?"

"వెతుక్కో. దానికి నేను కనబడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డానో, నువ్వు కూడా కాసేపు కష్టపడు."

పార్కులో ఆమెకు గిట్టనిది ఒకటే, తిండి పెట్టడం. ఒక పెద్దాయన, రిటైర్డు పంజాబీ అంకుల్, రోజూ పావురాలకు మిక్చరు పొట్లం విప్పేవాడు. ఈమె నేరుగా వెళ్ళి ఆయన ముందు నిలబడి హిందీలో మొదలుపెట్టేది.

"భాయ్‌సాబ్, మీకు బీపీ ఉందా?"

"ఉంది సిస్టర్‌జీ."

"ఉప్పు తింటారా?"

"డాక్టర్ వద్దన్నాడు."

"మరి ఆ పావురానికి ఏ డాక్టరు తినమన్నాడు?"

ఆయన నవ్వి పొట్లం జేబులో పెట్టుకునేవాడు. మర్నాడు మళ్ళీ తెచ్చేవాడు. మర్నాడు మళ్ళీ ఇదే సంభాషణ. ఇద్దరికీ అదో పొద్దుటి నడకలాగా అలవాటైపోయింది. ఒక వారం ఆయన రాకపోతే ఈమె వాచ్‌మన్‌ను అడిగి ఆయన ఇంటికెళ్ళి బీపీ చూసొచ్చింది. నాతో మాత్రం "పావురాలు ఈ వారం నెమ్మదిగా ఉన్నాయి" అంది, అంతే.

కెమెరా ఎందుకు కొన్నదో చెప్పింది మాత్రం చాలా రోజులకి. ఫిబ్రవరి వెళ్తూ ఉంది. పార్కు చివర ఒక పాత బూరుగు చెట్టు ఉంది. ఇక్కడ పొలాలున్నప్పటి చెట్టట. దాని బోదెకు మనిషెత్తుకు పైన ఒక తొర్ర. ఆ తొర్ర దగ్గర బూడిదరంగు పెద్ద పిట్టలు రెండు తచ్చాడుతున్నాయి. పొడుగు తోక, కత్తిలా వంగిన ముక్కు, ముక్కు మీద చిన్న కొమ్ము. తోటమాలి వాటిని హిందీలో ధనేశ్ అన్నాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ ఎవరినీ అలా పట్టుకునే మనిషి కాదు.

"చెల్లెమ్మా, ఇది లోపలికెళ్ళి తలుపేసుకుంటది చూడు."

చెప్పినట్టే అయింది. ఏప్రిల్‌లో ఆడది తొర్రలోకి దూరి, తన రెట్టతోనూ మట్టితోనూ లోపలినుంచి ద్వారాన్ని మూసేసుకుంది. ముక్కు కొన పట్టేంత సందు ఒక్కటే మిగిలింది. మగది ఊరంతా తిరిగి రావిపళ్ళు, జువ్విపళ్ళు మింగి తెచ్చి, ఆ సందు దగ్గర ఒక్కొక్కటే కక్కి అందించేది. లోపల ఆడది గుడ్లు పెట్టి, రెక్కల ఈకలన్నీ రాల్చేసుకుని, కొత్తవి వచ్చేదాకా ఎగరలేకుండా కూర్చుంటుందట. మొగుడు తేకపోతే తల్లికీ పిల్లలకీ తిండి లేదు.

"పిల్లలు కాస్త పెద్దయ్యాక గోడ పగలగొట్టుకుని బయటికొస్తది. నా చేతుల మీద ఎన్ని కాన్పులయ్యాయో లెక్కలేదు. తల్లి తనంతట తను తలుపు తీసుకుని రావడం ఎక్కడా చూళ్ళేదు. ఆ ఒక్కటి తియ్యాలి. ముందు తల, తర్వాత రెక్క. దానికోసమే కొన్నా ఈ డబ్బా."

రెండేళ్ళుగా ప్రయత్నిస్తోందట. ఒకసారి జ్వరమొచ్చి పడుకున్న రోజే వచ్చేసింది. ఇంకోసారి గాలివానకు చెట్టే కూలింది. ఇది మూడోది. ఇదే ఆఖరు కూడా. చీరాలలో తమ్ముడు గది వేయించి, ఇక రమ్మని పట్టుబడుతున్నాడు. వర్షాలకు ముందే ఇక్కడి అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని మాట ఇచ్చేసింది. "అక్కడ సముద్రం ఉందిలే, పిట్టలూ ఉంటాయి. ఈ పిట్ట మాత్రం ఈ చెట్టు మీదే ఉంది," అంది.

మగది పండు అందిస్తున్న ఫోటో ఒకటి తీసి మేనకోడలికి పంపింది. ఆ పిల్ల అది చూసి పొంగిపోయి, పార్కు పేరుతో సహా తన గ్రూపుల్లో పెట్టేసింది. ఆదివారం పొద్దున మేం వెళ్ళేసరికి బూరుగు చెట్టు కింద పెళ్ళిలా ఉంది. మూడు కాళ్ళ స్టాండ్లు, ఫిరంగుల్లాంటి కెమెరాలు, ఫోన్లు ఎత్తిపట్టుకున్న పిల్లలూ తల్లులూ. ఎవరో బిస్కెట్లు పంచుతున్నారు. మేనకోడలు కూడా గురుగ్రామ్ నుంచి కారులో వచ్చింది.

"అత్తా, చూడు, నీ ఫోటో వల్లే! ఐ యామ్ సో ప్రౌడ్!"

ఆమె మేనకోడలి వంక చూడలేదు. ఎదురుగా ఉన్న వేపచెట్టు పైకొమ్మ వంక చూసింది. మగది అక్కడ కూర్చుని ఉంది. గొంతు ఉబ్బి ఉంది, అంటే పళ్ళు తెచ్చింది. జనాన్ని చూసి దిగడం లేదు. కొమ్మ మారుతుంది, అరుస్తుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. తొర్ర సందులోంచి ముక్కు కొన బయటికొచ్చి, ఏమీ అందక లోపలికి పోయింది.

"పొద్దుట్నుంచి దాని కడుపులో ఏమీ పడలేదు," అంది. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. కోపంతో వెళ్ళిందనుకుని మేనకోడలు మొహం చిన్నబుచ్చుకుంది.

కోపం కాదు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో బ్యాండేజీ గుడ్డ చుట్టలున్నాయి. దీపస్తంభానికి ఒక కొస కట్టి, అక్కడినుంచి గన్నేరు మొక్కకి, గన్నేరు నుంచి ఇనప బెంచీకి, చెట్టు చుట్టూ దూరంగా తెల్లగా ఒక గీత లాగింది. లోపలున్నవాళ్ళందరినీ భుజం మీద తట్టి, ఆప్యాయంగానే, బయటికి తోసింది. అందరికంటే పెద్ద కెమెరా ఉన్న మనిషి ఒకడు కదల్లేదు. గళ్ళ టోపీ, జేబులెక్కువున్న చొక్కా.

"ఆంటీజీ, పార్క్ పబ్లిక్ హై."

"పార్క్ పబ్లిక్ హై బేటా. డెలివరీ పబ్లిక్ నహీ హై."

ముందు పంజాబీ అంకుల్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. టోపీ మనిషి కూడా నవ్వలేక నవ్వి స్టాండు ఎత్తుకుని గీత ఇవతలికి వచ్చాడు. ఆమె తన స్టూలు తెచ్చి గీతకు లోపలివైపు వేసుకుంది, చెట్టు వైపు వీపు పెట్టి, జనం వైపు మొహం పెట్టి. కాస్సేపటికి మగది దిగింది. అందరి కెమెరాలూ టకటకలాడాయి. ఆమెది సంచిలోనే ఉంది.

ఆ రోజు నుంచీ అదే డ్యూటీ. ఆదివారం గుంపు తగ్గినా రోజూ పదిమందైనా వచ్చేవాళ్ళు. అలా తిరిగి కూర్చుంటే మీరేం తీస్తారక్కా అని అడిగితే, ఆపరేషన్ థియేటరు తలుపు దగ్గర నిలబెట్టిన మనిషి లోపలికి చూడకూడదంది. "నేను చూస్తే వెనకున్నాళ్ళందరికీ చూడాలనిపిస్తది. ఒక్కడు అడుగేస్తే ఇంకొకడు. నేను వాళ్ళనే చూస్తా ఉంటే ఎవరూ కదలరు."

నేను ఒకరోజు పట్టుబట్టి ఆమెను లేపాను. మీరు కెమెరా తీసుకుని అటు నిలబడండి, కాపలా నేనుంటానని స్టూలు మీద కూర్చున్నాను. నా హిందీ కూరగాయల బండి దగ్గర పనికొచ్చే హిందీ. "భయ్యా, ఉధర్ మత్ జావో" అని అటు వెళ్ళొద్దంటున్నాను, ఒకాయన ఫోను పట్టుకుని, నేనో మొక్కనైనట్టు, నా పక్కనుంచే గీత దాటి తొర్ర కిందకి పోయాడు. ఆయన వెనక ఇద్దరు. మగది వేపచెట్టు మీంచి లేచి ఎటో వెళ్ళిపోయి, ఎండ నడినెత్తికి వచ్చేదాకా రాలేదు. ఆమె కెమెరా సంచిలో పెట్టేసింది. నా భుజం మీద చెయ్యివేసి లేపి, తను కూర్చుంది.

మేనకోడలు శని ఆదివారాలు వచ్చి మంచినీళ్ళు ఇచ్చేది. "సారీ అత్తా" అనేది హిందీ యాసలో. "సారీ ఎందుకే, గొడుగు పట్టు" అనేది ఈమె.

మే నెల చివర, వేడిగాలి పొద్దున్నే మొదలైన రోజు. పంజాబీ అంకుల్, టోపీ మనిషి, ఇంకా కొంతమంది, గీత ఇవతల నేను. ఆమె మాకు ఎదురుగా స్టూలు మీద. కెమెరా ఆ రోజు ఒళ్ళో ఉంది, బెల్టు మణికట్టుకు చుట్టుకుని. చెట్టులోంచి టక్, టక్ అని చప్పుడు వచ్చింది. వడ్రంగిపిట్టేమో అనుకున్నాను. ఇంతలో జనం మొహాలు మారాయి. కెమెరాలన్నీ ఒక్కసారి లేచాయి. ఆమె అది మా మొహాల్లో చూసింది.

"చెల్లెమ్మా, ఏమైంది?"

"మట్టి పెచ్చు ఊడిపడిందక్కా."

"ముక్కేనా, తలొచ్చిందా?"

"ముక్కే. లోపల్నుంచి పొడుస్తోంది. మీరిటు తిరగండి అక్కా!"

వెనక వరస ముందుకు కదిలింది. ఆమె చెయ్యెత్తింది. ఆగారు. చెయ్యి అలాగే ఉంచింది. రెండో చెయ్యి కెమెరా మీద ఉంది, మెడ సగం పక్కకి తిరిగింది. టోపీ మనిషి గుడ్డ గీతను తొడతో నెట్టుకుంటూ వంగాడు. ఆమె మెడ మళ్ళీ నేరుగా అయింది.

"చెప్పు."

"తలొచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది. ఇంకో పెచ్చు పడింది. తల, మెడ… ఒక రెక్క ఇరుక్కుందక్కా."

"కళ్ళు తెరిచే ఉందా?"

"తెరిచే ఉంది."

"తొందరేం లేదు," అంది. నాతోనో, పిట్టతోనో తెలియదు.

పిట్ట ఒక్క ఊపున బయటపడింది. ఎగురుతుందనుకున్నాం. ఇన్నాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఒళ్ళు, రెక్కలు విప్పింది గానీ పట్టు చిక్కలేదు, జారి గడ్డిలో పడింది, ఆమె వెనక, నాలుగడుగుల దూరంలో. అందరూ ఒక్క అరుపు అరిచి ముందుకొచ్చారు. ఎత్తుకుందామని కొందరు, ఫోటోకి కొందరు. ఆమె లేచి రెండు చేతులూ బార చాపింది. కెమెరా మణికట్టు నుంచి వేలాడుతోంది.

"రుకో! కోయీ నహీ హిలేగా!"

ఆగమంది, కదలొద్దంది. ఎవరూ కదల్లేదు. నేనైనా కదిలేదాన్ని కాదు. ఆమె వెనక గడ్డిలో పిట్ట నోరు తెరుచుకుని రొప్పుతోంది. పైనుంచి మగది పిలిచింది. ఇది రెక్కలు ఒకసారి దులిపి, గెంతి, గన్నేరు మొక్క కింది కొమ్మ పట్టుకుంది. అక్కడ కాసేపు. ఇంకో పిలుపు. అప్పుడు లేచింది, తక్కువ ఎత్తులో, గాలిలో ఊగుతూ, వేపచెట్టుదాకా పోయి కొమ్మల్లో కలిసిపోయింది.

ఆమె వెనక్కి తిరిగేసరికి గన్నేరు కొమ్మ ఊగుతోంది.

"ఎవరన్నా ముట్టుకున్నారా?" అని నన్నడిగింది.

"లేదక్కా."

"రెక్కలు సమంగా ఉన్నాయా? ఈకలన్నీ వచ్చాయా?"

"వచ్చాయి. కొత్తవి, మెరుస్తున్నాయి."

"తనంతట తనే లేచిందా?"

"తనంతట తనే."

తల ఊపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. టోపీ మనిషి వచ్చి, టోపీ తీసి, తన కెమెరా తెర చూపించాడు. బాగా వచ్చింది ఫోటో. మట్టి పెచ్చులు, తల, సగం విప్పిన రెక్క. ఆమె కోరుకున్నదే. ఆమె చాలాసేపు చూసింది. వేలితో రెక్క దగ్గర పెద్దది చేసి చూసింది. కొసదాకా చూసి ఇచ్చేసింది.

"నంబరు చెప్పండి ఆంటీజీ, పంపిస్తాను. ఇది మీదే అనుకోండి," అన్నాడు హిందీలో.

"మీరు తీశారు, మీది," అంది. "బాగా తీశారు."

ఇక అయిపోయిందని వాళ్ళు స్టాండ్లు మడుస్తున్నారు. నేను స్టూలు తీద్దామని వంగాను. ఆమె తొర్ర వంక చూస్తోంది. పగిలిన ద్వారంలో చిన్న ముక్కులు రెండు కనబడ్డాయి. తల్లి పోయిన సందును అవి అప్పుడే లోపలినుంచి మూసుకునే పనిలో ఉన్నాయి.

"స్టూలు ఉంచు చెల్లెమ్మా. పిల్లలున్నాయి లోపల."

మా వైపు తిరిగి కూర్చుంది.